రాణి బొమ్మ వీధి చుట్టి వచ్చిన కథ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా అమ్మ గౌరి. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, కళ్ళారా చూసింది. అందుకని ఇందులో తప్పుండదు. ఇంకెవరి నోట విన్నా నమ్మకు. భ్రమరమ్మ మనవలు చెప్తే అసలే నమ్మకు.

ముందు ఆ ముక్కు తుడుచుకో. ఈ ఏడు దసరాకి బొమ్మల కొలువు లేదు, కొత్త బొమ్మకి డబ్బుల్లేవు అని మీ అమ్మ హైమ అనడమేంటి, నువ్వు అన్నం మానేసి పడుకోవడమేంటి! దాన్ని కన్నది నేనే, ఈ కథ వినిపించి పెంచిందీ నేనే. ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసింది. నువ్వైనా సరిగ్గా విను. ఇటు తిరుగు. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొట్టకపోతే ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊరు. పేరెందుకులే, చెప్తే అక్కడివాళ్ళు ఇప్పటికీ నా మీదికి పోట్లాటకొస్తారు. ఆ ఊళ్ళో ఒక మగ్గాల వీధి. రెండు వరసల ఇళ్ళు, ఇంటింటికీ ఒక గుంట మగ్గం. గుంట మగ్గమంటే నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని కూచుని నేస్తారు. ఆ వీధిలో మా అమ్మమ్మ చౌడమ్మ ఉండేది. ఆవిడ మొగుడు రామలింగం. వాళ్ళ కూతురు గౌరి, అంటే మా అమ్మ. అప్పటికి నీ అంత ఉండేది. కాకపోతే నీలాగ ప్రతిదానికీ ఏడ్చేది కాదు.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉండేది. దసరాకి ఇంటింటా కొలువు పెట్టాలి. ఆ కొలువులో ఏటా ఒక్కటైనా కొత్త బొమ్మ ఉండాలి. మహర్నవమి పేరంటం నాటికి కొత్త బొమ్మ పెట్టలేని ఇల్లు ఇక కొలువు పెట్టకూడదు. ఆ ఇంటి బొమ్మలన్నీ దాయాదుల కొలువుకి ఇచ్చెయ్యాలి. ఎవరు పెట్టారో ఆ కట్టుబాటు! వాళ్ళు కనిపిస్తే నాలుగు దులుపుదామని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఆ ఏడు వానలు వదల్లేదు. మగ్గం గుంటలన్నీ నీళ్ళతో నిండాయి. కప్పలు కూర్చున్నాయిట, మనిషి కూర్చోవాల్సిన చోట. మగ్గం ఆడకపోతే కూలి లేదు. కూలి లేకపోతే పండగేంటి, బొమ్మేంటి! వీధంతా అదే గోల.

ఒక్క భ్రమరమ్మ ఇల్లు తప్ప. భ్రమరమ్మ అంటే రామలింగం అన్నగారి భార్య, మా అమ్మమ్మకి తోడికోడలు. వాళ్ళ మగ్గాలు ఎత్తరుగు మీద ఉండేవి, చుక్క నీరు చేరలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమే చౌడీ, ఈ ఏడు కొత్త బొమ్మ ఏం పెడుతున్నావ్?"

"చూడాలక్కా."

"చూడ్డానికేముంది, లేదని చెప్పు. నా పై మెట్టు మీద చోటు తుడిచి ఉంచుతాలే, మీ అమ్మ ఇచ్చిన రాజూరాణీ కోసం."

విన్నావా ఆ మాట? ఆ రాజూరాణీ చెక్క బొమ్మలు. అత్తారింటికి వచ్చేటప్పుడు చౌడమ్మ మూటలో వాళ్ళమ్మ పెట్టి పంపింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా ఆ తల్లి పోయింది. తల్లిదంటూ చౌడమ్మకి మిగిలింది ఆ రెండు బొమ్మలే. గౌరి రోజూ వాటి మొహం తడిగుడ్డతో తుడిచేది. అవి పక్కింటి మెట్టు ఎక్కితే మళ్ళీ దిగుతాయా?

అప్పుడు చౌడమ్మ బొమ్మలబండి అతని దగ్గరికి వెళ్ళింది. డబ్బుల్లేవు. పండక్కి కుట్టించుకుందామని దాచుకున్న రవికె గుడ్డ ఇచ్చి, ఒక మట్టి చిలక తీసుకుంది. కొంగు కింద దాచుకుని ఇంటికి బయల్దేరింది. సగం దారిలో వాన. అది కాల్చిన మట్టి కాదమ్మా, పచ్చి మట్టికి రంగేసి అమ్మాడు ఆ దొంగసచ్చినోడు! ఇంటికొచ్చి కొంగు తీసేసరికి చిలకా లేదు, ముక్కూ లేదు. చీరకి ఆకుపచ్చ మరక ఉంది. రవికె గుడ్డ పోయింది, చీరా పాడైంది.

"ఈ ఏటికి ఊరుకోరాదూ," అన్నాడు రామలింగం.

"ఊరుకుంటే బొమ్మలు మీ వదినగారింటికి పోతాయి. మోసుకెళ్ళి ఇచ్చొస్తారా?"

ఆయన లేచాడు. చేద తీసుకుని మగ్గం గుంటలో నీళ్ళు తోడ్డానికి వెళ్ళాడు. ఉదయం తోడితే సాయంత్రానికి మళ్ళీ ఊరేది. అయినా తోడేవాడు.

ఆ తర్వాత చౌడమ్మ ఇంకో ఆలోచన చేసింది. పాత గొల్లభామ బొమ్మకి నీలిమందు, పసుపు కలిపి కొత్త రంగు పూసింది. ఎర్ర చీర పచ్చ చీర అయింది. చల్లకుండకి తెల్ల సున్నం రాసింది. ముచ్చటగానే ఉంది. పాడ్యమినాడు కొలువు పేర్చి దాన్ని మధ్యలో పెట్టింది. భ్రమరమ్మ రానే వచ్చింది. అటు వంగి చూసింది, ఇటు వంగి చూసింది.

"ఈవిణ్ణి ఎక్కడో చూసినట్టుందే."

వెంటనే మా అమ్మ, "అవును పెద్దమ్మా! మన గొల్లభామే! అమ్మ చీర మార్చింది!" అని చప్పట్లు కొట్టింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు! పేరంటాళ్ళందరూ నవ్వారు. చౌడమ్మకి తల కొట్టేసినట్టయింది. కూతుర్ని కొడదామా అంటే అది చెప్పింది నిజమాయె.

మర్నాడు పొద్దున చౌడమ్మ గౌరిని వెంటబెట్టుకుని, పసుపు అడగడానికి కుడిపక్క పేరిందేవమ్మ ఇంటికి వెళ్ళింది. పేరిందేవమ్మ కొలువులో ఒక లక్క ఏనుగు ఉంది. గౌరి దాని ముందు చతికిలబడింది, లేవదు.

"అమ్మా, కొత్త ఏనుగు!"

"కొత్తదేంటే పిచ్చిదానా," అంది పేరిందేవమ్మ. "నా పెళ్ళినాటిది. చూసి చూసి నాకే విసుగొచ్చింది. నేనూ కొత్త బొమ్మ కోసం చస్తున్నా ఇక్కడ."

"మనింట్లో లేదుగా. మనకి కొత్తదేగా," అంది గౌరి.

అప్పుడు చౌడమ్మ పసుపు సంగతి మర్చిపోయింది. అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

"వదినా, పిల్ల అన్నది సబబే. నీ ఇంట్లో పాతది నా ఇంట్లో కొత్తది. నాది నీకు కొత్తది. మనందరం దేని కోసం ఏడుస్తున్నాం?"

ఆ మాట గంటలో వీధంతా పాకింది. చౌడమ్మే పద్ధతి చెప్పింది. చౌడమ్మే! గుర్తుపెట్టుకో, మళ్ళీ అడుగుతా. ఎవరి కుడిపక్క ఇంటికి వాళ్ళు ఒక బొమ్మ ఇవ్వాలి. ఎడమపక్క ఇంటి నుంచి ఒక బొమ్మ పుచ్చుకోవాలి. వీధి చివరికొచ్చాక ఆ ఇవ్వడం ఎదురు వరసకి దాటి, మళ్ళీ వెనక్కి రావాలి. అలా వీధి మొత్తం ఒక చుట్టు. దమ్మిడీ ఖర్చు లేదు, ఇంటింటికీ కొత్త బొమ్మ.

వినడానికి ఎంత బాగుందో చూశావా? మనుషులు అంత బాగుంటేగా! మధ్యాహ్నానికి అందరూ పళ్ళేల మీద గుడ్డలు కప్పుకుని వచ్చారు. గుడ్డలు తీశారు. ఒకావిడ ముక్కు విరిగిన పోలీసుని తెచ్చింది. ఒకావిడ తోక లేని ఆవుని తెచ్చింది. వీధి చివరి ఆదెమ్మ తెచ్చింది బొమ్మో, బొగ్గో ఎవరూ పోల్చుకోలేకపోయారు.

"ఇదేంటి ఆదెమ్మా?"

"హనుమంతుడు."

"తలేది?"

"సంజీవి కోసం వెళ్ళుంటుంది," అంది వెనకనుంచి ఎవరో.

అప్పుడు చౌడమ్మకి కోపం వచ్చింది. "ఇవి ఇచ్చుకోడానికి తెచ్చారా, పారెయ్యడానికి తెచ్చారా? మీ పెంటకుప్ప నా మెట్టు మీద పెట్టుకోనా? ఇచ్చేటప్పుడు మీ చెయ్యి వెనక్కి లాగాలి. అలాంటి బొమ్మ తేండి. అది మీ ఇంటికి ఎలా వచ్చిందో నోటితో చెప్పి మరీ ఇవ్వండి. లేకపోతే పోండి."

ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ ఒకటే భయం. నేను మంచిది ఇస్తే, నాకు వచ్చేది తల లేని హనుమంతుడైతే?

చౌడమ్మ చూసింది, చూసింది. ఆ తర్వాత విసురుగా లోపలికి వెళ్ళి రాణి బొమ్మ తెచ్చి పేరిందేవమ్మ ఒళ్ళో పెట్టింది.

"మా అమ్మ ఇచ్చింది. ఎడ్లబండి ఎక్కాక మూట విప్పి చూసుకోమంది. ఊరు దాటాక విప్పాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కనపడలేదు, ఈ రెండూ కనపడ్డాయి. అంతే కథ. తీసుకో."

"చౌడమ్మా! జంటని విడదీస్తావా?"

"రాజు కొలువు చూసుకుంటాడు. రాణి ఊరు చూసొస్తుంది. మీరంతా ఇలా నా మొహం చూస్తూ కూచుంటారా, వెళ్ళి తెస్తారా?"

అప్పుడు కదిలారు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి, దాచుకున్నవి తీశారు. లక్క ఏనుగు వచ్చింది. ఇత్తడి నెమలి వచ్చింది. ఆదెమ్మ వాళ్ళ నాయన చెక్కిన కొయ్య గుర్రం తెచ్చింది, ఆయన దాన్ని ఎలా చెక్కాడో చెప్తూ చెప్తూ మధ్యలో ఆపి, కొంగుతో గుర్రం వీపు తుడిచింది. ఆ సాయంత్రం పేరంటంలో సెనగలు లేవు, పళ్ళు లేవు. తమలపాకు, ఒక బంతిపువ్వు, గుప్పెడు అలసంద గుగ్గిళ్ళు. అయినా ఒక్కరూ ఇంటికి పోరే! ఏ బొమ్మ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పుకుంటూ కూచున్నారు.

ఊఁ కొడుతున్నావా, నిద్రపోయావా? కళ్ళు తెరు. అసలు సంగతి ఇప్పుడే.

చౌడమ్మకి కుడిపక్క పేరిందేవమ్మ అన్నానా. ఎడమపక్క ఎవరు? భ్రమరమ్మ! అంటే చుట్టు చివర, చౌడమ్మకి బొమ్మ ఇవ్వాల్సింది భ్రమరమ్మే. భ్రమరమ్మకి ఇవ్వాల్సింది ఆదెమ్మ. ఆదెమ్మ గుర్రం పట్టుకెళ్ళింది. భ్రమరమ్మ చెయ్యి చాచి తీసుకుంది. బాగుందే అంది. రెండో మెట్టు మీద పెట్టింది. తను ఇవ్వాల్సింది మాత్రం ఇవ్వలేదు.

చౌడమ్మ వెళ్ళి అడిగింది.

"నాకేం ఖర్మే? బజారునించి పెట్టెడు కొత్తవి తెప్పించుకున్నా. పాతవి పంచుకునే రాత మీకు పట్టింది, నాకు పట్టలేదు."

"మరి గుర్రం పుచ్చుకున్నావుగా అక్కా?"

"ప్రేమగా తెస్తే కాదంటామా?"

చూశావా? పుచ్చుకోడానికి ప్రేమ, ఇవ్వడానికి రాత! ఇన్నేళ్ళయినా ఈ మాట తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

వీధిలో అందరికీ కొత్త బొమ్మ ఉంది. ఆలోచన చెప్పిన చౌడమ్మకి లేదు. ఉన్న రాణి కూడా పోయింది. పేరిందేవమ్మ పరిగెత్తుకొచ్చింది. "నీ రాణిని నువ్వు తీసేసుకో," అంది. చౌడమ్మ తీసుకోలేదు. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే కొత్తది అవుతుందా? పైగా మా వంశంలో ఇచ్చింది వెనక్కి తీసుకోవడం లేదు. నేనూ అంతే. మీ అమ్మ సంగతి నాకు తెలీదు.

మహర్నవమి వచ్చింది. వీధి వీధంతా చౌడమ్మ ఇంట్లో చేరింది. అప్పుడు భ్రమరమ్మ వచ్చింది. ఎర్ర పట్టుచీర కట్టుకుంది. చంకలో ఒక పెద్ద వెదురుబుట్ట. బుట్టలో మెత్తగా గడ్డి పరుచుకుని వచ్చింది. ఎందుకో తెలుసా? బొమ్మలు విరక్కుండా ఇంటికి పట్టుకెళ్ళడానికి!

"ఏదే చౌడీ, కొత్త బొమ్మ?"

చౌడమ్మ కన్నా ముందు గౌరి లేచి నిలబడింది. కొలువులో రాజు పక్కన రాణి చోటు ఖాళీగా ఉంది. ఆ చోట చిన్న ముగ్గు వేసి ఉంది. ముగ్గులో పువ్వు పెట్టి ఉంది. అదంతా పొద్దున గౌరే చేసింది.

"ఇదిగో పెద్దమ్మా. నువ్వు ఇచ్చే బొమ్మకి చోటు. ఇందాకట్నించి కూచున్నాం నీ కోసం."

పిల్ల వెటకారంగా అనలేదు. నిజంగానే పెద్దమ్మ తెస్తుందనుకుంది. అందరూ ఇచ్చారు కదా, పెద్దమ్మ ఎందుకివ్వదు అనుకుంది.

అప్పుడు పేరిందేవమ్మ అంది, "ఏంటి వదినా, బుట్ట తెచ్చి బొమ్మ మర్చిపోయొచ్చావా?"

ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ. భ్రమరమ్మ మొహం ఆవిడ చీర కన్నా ఎర్రబడింది. వెనక్కి తిరిగింది, విసవిసా వెళ్ళిపోయింది. పోయింది, ఇక రాదు అనుకున్నారు.

వచ్చింది. అదే బుట్ట. అదే గడ్డి. గడ్డిలో ఏదో గుడ్డ చుట్టి ఉంది. విప్పింది. బజారు బొమ్మ కాదు. బియ్యం కొలుచుకునే కొయ్య మానిక, బోర్లించి ఉంది. దానికి కాటుకతో కళ్ళు, కుంకంతో బొట్టు, చీర పేలిక ఒకటి చుట్టి ఉంది. కళ్ళు సగం చెరిగిపోయాయి.

"నేను కాపరానికొచ్చిన ఏడు కూడా వానలే," అంది భ్రమరమ్మ. ఎవరి మొహమూ చూడలేదు. "అప్పటికి మాకూ గుంట మగ్గమే. కొత్త బొమ్మ లేదని నేను వంటింట్లో ఏడుస్తుంటే, అత్తగారు బియ్యం మానిక బోర్లించి దీనికి కళ్ళు దిద్దింది. ఇదిగో నీ కొత్త బొమ్మ, ఇక లే అంది. తర్వాత చేతికి డబ్బొచ్చాక దీన్ని మెట్టు కింద పెట్టేదాన్ని, ఎవరికీ కనపడకుండా."

చౌడమ్మ చేతులు చాచింది. భ్రమరమ్మ ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. రెండోసారి చాచి, మళ్ళీ లాక్కుంది.

"చాలక్కా, ఇదే బొమ్మ," అంది చౌడమ్మ.

మూడోసారి ఇచ్చింది. గౌరి ఆ మానికని తీసుకెళ్ళి రాజు పక్కన నిలబెట్టింది. రాజు కన్నా అది రెండింతలు పొడుగు, నాలుగింతలు లావు. చూసి భ్రమరమ్మే ముందు నవ్వింది. ఇచ్చింది. ఇవ్వలేదని నేను అనను. న్యాయం న్యాయమే.

ఆ తర్వాత ఏటా అదే పద్ధతి అయింది. వచ్చిన బొమ్మ ఏడాది ఉంటుంది, మరుసటి దసరాకి కథ చెప్పించుకుని పక్కింటికి వెళ్తుంది. రాణి అలా ఇల్లిల్లూ తిరిగింది. గౌరి పెద్దదయింది, ఓణీలు కట్టింది. ఆ పిల్లకి పెళ్ళి కుదిరిన ఏడు, చుట్టు పూర్తయి రాణి ఇంటికొచ్చింది. తెచ్చిచ్చింది భ్రమరమ్మే. వేలెడు చీర నేయించి మరీ కట్టి తెచ్చింది. అంచు వంకరగా ఉంది, ఇప్పటికీ ఉంది, కావాలంటే చూసుకో. చౌడమ్మ ఆ రాజునీ రాణినీ గౌరి మూటలో పెట్టింది. గౌరి నా మూటలో పెట్టింది. ఆ అలమరలో ఉన్నవి అవే. వాటిని అక్కడే మగ్గబెట్టి, కొత్త బొమ్మకి డబ్బుల్లేవు, కొలువు మానేద్దాం అంటోంది మీ అమ్మ!

ఏంటే హైమా, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది? వింటున్నావా? విను.

ఏంటమ్మడూ? పై వాటా వాళ్ళ దగ్గర గాజు గుర్రం ఉందా? అడుగు. పొద్దున్నే వెళ్ళి అడుగు. కానీ బదులుగా ఆ చక్రం ఊడిన కారు ఇచ్చావో, వీపు పగులుతుంది. రాణిని ఇస్తావా? ఊఁ... ఇవ్వు. ఇచ్చేటప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పి మరీ ఇవ్వు. నా చెయ్యి ఎందుకు పట్టుకుంటావ్, నేనేం ఏడవట్లేదు, దీపం పొగ.

రాణి వెళ్ళె వీధికి, రాజు మిగిలె మెట్టుకి,
మానికమ్మ మురిసిపోయె కాటుక కళ్ళ బొట్టుకి,
చుట్టు తిరిగి చేరుకుంది రాణి తన గూటికి,
కంచి బండి ఎక్కె కథ, నువ్వు ఎక్కు నిద్రకి.

ఆగు, పడుకోకు. ఇంకొక్కటి. ఆ ఊరి అమ్మవారి గుడి గోడ మీద, బొమ్మల మార్పు పండగ భ్రమరమ్మగారు మొదలుపెట్టారని పెద్దక్షరాలతో రాయించారు వాళ్ళ మనవలు. చివర ఇచ్చినావిడ మొదలుపెట్టినావిడ ఎలా అవుతుంది? నాకు సంతకం దాటి రాత రాదు, వచ్చుంటే ఎప్పుడో నేనే రాసేదాన్ని. నువ్వు బళ్ళో చదువుతున్నావు. ఈసారి వెళ్ళినప్పుడు ఇంత సున్నం, ఒక కుంచె పట్టుకెళ్ళు. భ్రమరమ్మ పేరు చెరపక్కర్లేదు, మానిక ఇచ్చింది కదా, కింద ఉండనీ. దాని పైన మాత్రం చౌడమ్మ అని రాయి, తల్లీ. దూరాన్నించి నాక్కూడా కనపడేలా రాయి.